మలుపు రాకముందే

డ్రైవింగ్ ఆంటీ పోయారన్న కబురు నాకు ఒక శనివారం పొద్దున తెలిసింది. హామిల్టన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆవిడ కొడుకు రెండే రెండు వాక్యాలు రాశాడు. "అమ్మ నిన్న సాయంత్రం హాస్పిటల్లో కన్నుమూసింది. మంగళవారం పదకొండింటికి చర్చిలో ప్రార్థన, అందరూ రండి." కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడుతున్నాయి. నేను మాత్రం ఆ రెండు వాక్యాలే మళ్ళీ మళ్ళీ చదివాను. జరిగింది ఒక వాక్యంలో, కావలసింది ఇంకో వాక్యంలో. ఆవిడ పెంపకం అలాంటిది మరి, అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆవిడను ఊళ్ళో అందరం డ్రైవింగ్ ఆంటీ అనే పిలిచేవాళ్ళం. చక్కటి పేరొకటి ఉందని మాలో చాలామందికి చర్చిలో పంచిన కాగితం చూశాకే తెలిసింది. ఆక్లాండ్‌కు దక్షిణాన ఉన్న మా హామిల్టన్‌లో పాల కోసం వీధి మూల మీది డైరీకి, అంటే చిల్లర కొట్టుకి, నడిచి వెళ్ళగలమేమో గాని, మిగతా దేనికైనా కారు తీయాల్సిందే. చదువుకోడానికి వచ్చిన పిల్లలు, పెళ్ళయి వచ్చిన అమ్మాయిలు, అందరూ పసుపు రంగు ఎల్ బోర్డు తగిలించిన ఆవిడ తెల్లకారులో చెమటలు కక్కినవాళ్ళే. అందులో నేనూ ఒకదాన్ని. ఆవిడ నాకు నేర్పింది కారు నడపడం ఒక్కటే అయితే ఇదంతా రాసేదాన్ని కాదు. ఎదుటి మనిషిని నొప్పించకుండా, అలాగని మింగేసుకోకుండా, కష్టమైన మాట ఎలా చెప్పాలో నేర్పారు. నేర్చుకున్నదాన్ని చివరికి ఆవిడకే చెప్పాల్సి వచ్చింది. అందుకు నాకు నెల రోజులు పట్టింది. ఆ నెల తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆవిడది హనుమకొండ. భర్త ఉద్యోగం మీద ఇక్కడికొచ్చారు. వచ్చిన మూడేళ్ళకు ఆయన పోయారు. చేతిలో బడికెళ్ళే కొడుకు, అరకొర ఇంగ్లీషు. డ్రైవింగ్ నేర్పే వాళ్ళకు పెట్టే పరీక్ష రాసి రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యారు. ఆ రెండుసార్లు తప్పడం గురించి పాసైనదాని కంటే ఎక్కువ గర్వంగా చెప్పుకునేవారు. చీర మీద స్వెటరు, కాళ్ళకు తెల్ల స్పోర్ట్స్ బూట్లు, మెడలో చిన్న సిలువ. కారెక్కగానే చీర కొంగుతో లోపలి అద్దం తుడిచేవారు. పాఠం అయ్యాక చిన్న స్టీలు డబ్బా తెరిచి అరచేతిలో ఒక చెంచా సోంపు పోసేవారు. బాగా నడిపినా, గోడకు గుద్దబోయినా సోంపు మాత్రం తప్పేది కాదు. భయపడే వాళ్ళు స్టీరింగు ముందు దండం పెట్టుకుంటే, "ప్రార్థన చేస్కో బిడ్డా, మంచిదే. అద్దాలు గూడ చూస్కో" అనేవారు.

ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అంతకుముందు మొగుడి దగ్గర నేర్చుకోబోయి, నడిరోడ్డు మీద పోట్లాడి, కారు వదిలేసి నడిచి ఇంటికొచ్చిన వాళ్ళు. నేనూ ఆ బాపతే. మా ఆయన మంచివాడే గాని పక్క సీట్లో కూర్చుంటే ఆయనకు పూనకం వస్తుంది. చివరి క్షణం దాకా మౌనంగా ఉండి, ఒక్కసారిగా "బ్రేక్ బ్రేక్" అని అరుస్తాడు. మూడో రోజుకే నేను తాళాలు ఆయన ఒళ్ళో పడేశాను. ఆంటీ ఆ కథ విని నవ్వి, మీ ఆయనకు కళ్ళు బాగున్నాయి, నోరే ఆలస్యంగా లేస్తుంది అన్నారు.

మొదటి పాఠం నాకు బాగా గుర్తు. పొద్దున ఎనిమిదింటికి, హామిల్టన్ మంచు ఇంకా విడలేదు. కారు నడుపుతున్నంతసేపూ నాకు కనిపించేవన్నీ పైకి చెప్పమన్నారు. ఎదురుగా సైకిలు, ఎడమవైపు గేటులోంచి వెనక్కి వస్తున్న కారు, నేను నెమ్మది చేస్తున్నాను, ఇలాగ. క్రికెట్ వ్యాఖ్యానంలా ఉందని నాకు నవ్వొచ్చింది. ఇంతలో ఒకడు పెద్ద బండేసుకుని నా ముందుకు దూసుకొచ్చాడు. "వీడికసలు బుద్ధి లేదండీ" అన్నాను.

"వానికి బుద్ధి ఉన్నదో లేదో నీకెట్ల ఎర్క?" అన్నారు ఆంటీ, గొంతు ఏమాత్రం పెంచకుండా. "వాడేం చేసిండో చెప్పు."

"ఇండికేటర్ వెయ్యకుండా ముందుకొచ్చాడు."

"గది చెప్పు. గంతవరకే నీకు తెల్సు."

అప్పుడది డ్రైవింగ్ పాఠమే అనుకున్నాను. ఇంటికొచ్చాక సాయంత్రం మా ఆయన్ని ఏదో అనబోయి, నోట్లో మాట సగంలో ఆగిపోయింది. "నీకసలు బాధ్యత లేదు" అనబోయాను. ఆయన చేసింది చెత్తడబ్బా బయట పెట్టడం మర్చిపోవడం. ఆ రెంటికీ ఎంత దూరమో అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు.

నేర్పేవాళ్ళ కారులో ఎడమ సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. విద్యార్థి తప్పు చేస్తే టీచరు తొక్కడానికి. ఆంటీ దాన్ని తొక్కడం నేను చూసింది నాలుగైదుసార్లే. తొక్కిన ప్రతిసారీ కారు పక్కకు ఆపించి, తిట్టకపోగా క్షమాపణ చెప్పేవారు. "నా తప్పు బిడ్డా. టర్నింగ్ రాకముందే చెప్పాల్సుండె. నోటితోని చెప్పాల్సింది కాలితోని చెప్పిన." మొదటిసారి విన్నప్పుడు వెటకారమేమో అనుకున్నాను. కాదు. బ్రేకు తొక్కడమంటే తను ముందు మాట్లాడలేకపోవడమని ఆవిడ నిజంగానే నమ్మారు. బ్రేకు ఉంది కదా అని దాని మీద కాలు వేసుకుని కూర్చునే టీచర్లు ఆవిడకు నచ్చేవాళ్ళు కాదు.

నా మొదటి డ్రైవింగ్ పరీక్ష గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. హామిల్టన్ నిండా రౌండబౌట్లే, సిగ్నల్ లేని గుండ్రటి కూడళ్ళు. కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు మనం దారివ్వాలి, మనకు ఎడమవైపు ఉన్నవాళ్ళు మనకివ్వాలి. ఆ రోజు నా కుడివైపు ఎవరూ లేరు. ఎడమవైపు పెద్ద పాల ట్యాంకరు ఆగి ఉంది, నాకు దారి ఇవ్వడానికి. నేను వెళ్ళాలి. కాని అంత పెద్ద బండి, డ్రైవరు చూస్తే మా నాన్న వయసువాడు. నేను కారు ఆపి, చెయ్యి చాపి, మీరు వెళ్ళండి అన్నాను. ఆయన నవ్వి, నువ్వే వెళ్ళమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను మళ్ళీ ఊపాను. పెళ్ళి భోజనాల దగ్గర ముందు మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని నిలబడ్డట్టు ఇద్దరం అక్కడ నిలబడ్డాం. వెనక నాలుగు కార్లు హారన్ కొట్టాయి. పరీక్ష పెట్టే ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. ఫెయిల్.

ఏడుస్తూ చెప్పాను. ఆంటీ చెరువుకట్ట పక్కన కారు ఆపించి, ఇంజను తీయించారు. కష్టమైన మాట ఏదున్నా ఆవిడ కదిలే కారులో చెప్పరు. ఆపించి, హ్యాండ్‌బ్రేక్ వేయించి, ఇద్దరూ ఎదురుగా అద్దంలోంచి చూస్తుండగా చెబుతారు. మొహాలు చూసుకుంటే సగం మాట మొహమాటానికే పోతుందని ఆవిడ లెక్క. "నీ వంతు వచ్చినప్పుడు నువ్వు పోకపోతే అది మర్యాద గాదు బిడ్డా" అన్నారు. "ఎనకున్నోళ్ళందరిని ఇబ్బంది పెట్టుడు. ఆయనకు గూడ నువ్వేం చేస్తవో తెల్వకపాయె." తర్వాత నా గుంటూరు అండీల మీద ఒక విసురు విసిరి, సోంపు డబ్బా తీశారు.

ఆ రోజుల్లోనే ఆవిడకు నా ఆఫీసు గొడవ కూడా చెప్పుకున్నాను. పాల నమూనాలు పరీక్షించే ల్యాబులో నాకు ఉద్యోగం. వారం వారం శనివారం డ్యూటీ నాకే పడేది. మేనేజరు అడిగినప్పుడల్లా నేను "నో వర్రీస్" అనేదాన్ని. మనకు కాదనడం రాదు కదా. పర్లేదంటాం, చూద్దాం లెండి అంటాం, తర్వాత ఇంటికొచ్చి గిన్నెల మీద చూపిస్తాం. ఆంటీ నన్ను మేనేజరుని తిట్టుకోనిచ్చారు కాసేపు. అయ్యాక, చూసింది చెప్పు అన్నారు. ఆరు వారాలుగా శనివారాలన్నీ నాకే వేశారు. నీకేం కావాలి? వారం విడిచి వారం సెలవు కావాలి. "గంతే. గా రెండు ముక్కలు చెప్పి ఇగ ఆగు."

ఆ ఆగడమే నాకు రాలేదు. కారులో ఆవిడే మేనేజరుగా కూర్చుంటే నేను చెప్పడం సాధన చేశాను. చెప్పిన వెంటనే నోరు ఊరుకోదు. మీకు ఇబ్బంది అయితే పర్లేదు, ఈ నెలకు కానివ్వండి, నేనేమీ అనుకోను, అంటూ నా మాటను నేనే కొరుక్కు తినేసేదాన్ని. ఐదారుసార్లకు ఒకసారి ఆగగలిగాను. మర్నాడు ఆఫీసులో అలాగే చెప్పి ఆగాను. మేనేజరు ఆశ్చర్యంగా చూసి, నీకు శనివారాలే ఇష్టమేమో అనుకున్నానే అన్నాడు. మనిషి మీద నేను ఇన్ని వారాలుగా పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండోసారి పరీక్ష పాసయ్యాను. పాఠాలు అయిపోయాయి గాని ఆంటీ మా ఇంటికి రావడం ఆగలేదు. మా అమ్మాయి పుట్టినప్పుడు పది రోజులు పొద్దునే వచ్చి వంట చేసి వెళ్ళారు. ప్రతి ఏడూ చలి మొదలయ్యే ముందు, ఊళ్ళో ఎవరి పెరట్లో చూసినా ఫీజోవా పళ్ళు రాలిపడే రోజుల్లో, రెండు సంచులు ఏరుకొచ్చి పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరి సీసాల్లో పెట్టేవారు. కొడుకు ఆక్లాండ్ దగ్గర ఆల్బనీలో ఇల్లు కొనుక్కుని, అక్కడికి వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. ఆక్లాండ్ ట్రాఫిక్‌లో తనకు పని లేదనేవారు. డెబ్భై దగ్గర పడుతుంటే పాఠాలు చెప్పడం మానేశారు. ఎల్ బోర్డు తీసేశారు గాని ఎడమవైపు బ్రేకు తీయించలేదు, అలవాటైపోయిందని. కొత్తగా వచ్చినవాళ్ళను ఆసుపత్రికి, షాపులకు తిప్పడం ఆవిడ పనిగా పెట్టుకున్నారు. నాకు గురువారాలు ఆలస్యమవుతుందని మా అమ్మాయిని బడి నుంచి స్విమ్మింగ్‌కు తీసుకెళ్ళేది కూడా ఆవిడే.

ఆవిడ నడపడంలో తేడా మొదటిసారి నేను చూసింది ఒక ఆదివారం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కూరగాయలకు వెళ్తూ, అటు నుంచి వచ్చేవాళ్ళకు దారివ్వమని చెప్పే గివ్ వే బోర్డు దగ్గర ఆగకుండా, కనీసం నెమ్మది కూడా చెయ్యకుండా దాటేశారు. అటు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి ఏమీ కాలేదు. ఆవిడ బోర్డు చూడలేదని నాకు తెలుసు. చూస్తే పైకి చెప్పే అలవాటు ఆవిడది. నేను నోరు తెరవలేదు. ఎండ కళ్ళలో పడిందేమో అనుకున్నాను, రాత్రి నిద్ర పట్టలేదేమో అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, కారు నడపడం నేర్పిన మనిషికి మీకు నడపడం రావట్లేదని ఎలా చెబుతాం? ఆ కారు తప్ప ఆవిడకేముంది? నాకు ధైర్యం చాల్లేదు. ఆ తర్వాత నాలుగు గురువారాలు నా కూతుర్ని నోరు మూసుకుని ఆ కారెక్కించాను.

నాలుగో గురువారం అన్నం తింటూ మా అమ్మాయి ఇంగ్లీషులో మామూలుగా చెప్పింది. జీబ్రా క్రాసింగ్ మీద ఒకాయన నడుస్తున్నాడట, ఆంటీకి కనిపించలేదట, తను అరిచాక బ్రేకు వేశారట, ఆ పెద్దాయన కారు ముందు భాగం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడట. దానికి అప్పుడు ఎనిమిదేళ్ళు. చెప్పేసి, పెరుగు వెయ్యమంది. 

ఆవిడ కొడుక్కి ఫోన్ చేశాను.  వాడూ చూశాడట, రెండు నెలల కిందే. "నేను చెప్తే పెద్ద ఫైట్ అవుతుందక్కా" అన్నాడు. "అమ్మ డాక్టర్‌కి ఒక ఈమెయిల్ పెట్టేస్తా. ఆయనే లైసెన్స్ ఆపించేస్తాడు. మనం చెప్పామని అమ్మకి తెలియాల్సిన పనే లేదు." వాడి భయం నాకర్థమైంది. నాకూ అదే కావాలనిపించింది, ఒక్క క్షణం. కాని అది ఎడమ సీట్లో కూర్చుని మాట్లాడకుండా బ్రేకు తొక్కడమే కదా. ముందు నోటితో చెబుదాం, వినకపోతే డాక్టరు ఎలాగూ ఉన్నాడు అన్నాను. ఎవరు చెబుతారని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

శనివారం పొద్దున వెళ్ళాను. టీ ఇచ్చారు. నేను మొదలుపెట్టాను, మా వైపు వాళ్ళు మొదలుపెట్టినట్టే. చలి గురించి, ఆవిడ మోకాళ్ళ గురించి, కంటి డాక్టరు గురించి. ఇప్పుడు బస్సులు బాగా తిరుగుతున్నాయట కదాండీ అన్నాను. ఆ రోడ్ల మీద రద్దీ పెరిగిపోయిందండీ అన్నాను. గంటసేపు రౌండబౌట్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ఆంటీ కప్పు కింద పెట్టి, గోడకున్న కారు తాళం తీసి నా చేతిలో పెట్టారు. "పా, కార్ల కూసుందాం" అన్నారు.

నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను ఎడమ సీట్లో కూర్చున్నారు. కొంగుతో అద్దం తుడిచారు. చెరువుకట్ట దగ్గరికి పోనిమ్మన్నారు. అదే చోట ఆపించారు. నేనే హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంజను తీశాను. ఎదురుగా నీళ్ళ మీద నల్ల హంసలు తిరుగుతున్నాయి.

"ఇగ చెప్పు" అన్నారు. "ఏం చూసినవ్?"

"పోయిన నెల మీరు గివ్ వే బోర్డు దగ్గర ఆగకుండా దాటారు. మొన్న గురువారం జీబ్రా క్రాసింగ్ మీద మనిషి మీకు కనిపించలేదు. పాప అరిచాక బ్రేకు వేశారు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పాపని ఇక మీ కారులో పంపించనండీ. మీరు కూడా డ్రైవింగ్ మానెయ్యాలి. అదే నేను అడుగుతున్నాను."

ఆగాను. నా బతుకులో అంతసేపు ఎప్పుడూ ఆగలేదు. నోటి చివరి దాకా వచ్చాయి మాటలన్నీ. మీకేం కాలేదులెండి, కొన్నాళ్ళు చూద్దాం లెండి, నాకు చెప్పడానికి ఎంత బాధగా ఉందో. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. పక్కకు కూడా చూడలేదు. ఆవిడ ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"ఇంటికి పోదాం" అన్నారు చివరికి.  దిగాక తాళం కోసం చెయ్యి చాపారు. ఇచ్చాను. ఆ రోజు సోంపు ఇవ్వలేదు.

మూడు వారాలు ఆవిడ నా ఫోన్ ఎత్తలేదు. కారు తీశారా లేదా అని రోజూ ఆఫీసుకు వెళ్తూ ఆవిడ ఇంటి మీదుగా తిరిగి వెళ్ళేదాన్ని. కారు కదలకుండా అక్కడే ఉండేది, దాని మీద ఆకులు పేరుకునేవి. అది చూస్తే ధైర్యం రాకపోగా ఇంకా దిగులేసేది. నేను చంపేశానేమో ఈవిడని, అనిపించేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చుని, "సారీ ఆంటీ, నేను తొందరపడ్డాను" అని మెసేజి టైపు చేశాను. పంపబోతూ ఆగాను. నేను తొందరపడలేదు. ఆలస్యం చేశాను. అబద్ధం చెప్పి ఆవిడను మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోబెడితే, ఆ ఓదార్పు ఎవరి కోసం? మేనేజరుతో మాట్లాడే ముందు ఆవిడే నాకు చెప్పారు, మాట అయ్యాక ఎదుటివాళ్ళు నవ్వారా అని చూసుకోవద్దు, మర్యాదగా చెప్పానా అని చూసుకో అని. మెసేజి తుడిపేశాను. కాని ఆ మూడు వారాలూ నాకు అన్నం సయించలేదు, అది కూడా నిజమే.

నాలుగో వారం బుధవారం ఫోన్ మోగింది. "రేపు పిల్లకు ఈత ఎన్ని గంటలకు?" అన్నారు, నిన్ననే మాట్లాడుకున్నట్టు. "నన్ను గూడ ఎక్కించుకపో." ఆఫీసు నుంచి గురువారాలు గంట ముందు బయల్దేరడానికి అప్పటికే అడిగి ఉంచాను. వెళ్ళి హారన్ కొట్టకుండా తలుపు తట్టాను. గేటు దగ్గర తెల్లకారు లేదు. చర్చిలో ఎవరికో అమ్మేశారట, లైసెన్సు తనే వెళ్ళి ఇచ్చేసి వచ్చారట, కొడుక్కి తనే ఫోన్ చేసి చెప్పారట. నా కారులో ఎడమ సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఎదురుగా చూస్తూ అన్నారు.

"మా పిలగాడు చెప్పలే. కండ్ల డాక్టర్ గూడ సాఫ్‌గ చెప్పలే. నువ్వు చెప్పినవ్. మంచిగ చెప్పినవ్." నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా ఇంకో మాట అన్నారు. "కానీ నెల లేట్ చెప్పినవ్ బిడ్డా. మొదటిసారి చూసిననాడే చెప్పాల్సుండె. పిల్ల ఉండె కార్ల."

 వెనక సీట్లో మా అమ్మాయి స్విమ్మింగ్ కళ్ళద్దాలు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. నన్ను అంత సూటిగా, అంత మెత్తగా ఎవరూ తప్పు పట్టలేదు. అవునండీ, తప్పే, అన్నాను. ఆవిడ సోంపు డబ్బా తీసి ముందు వెనక్కి చాపి మా అమ్మాయికి, తర్వాత నాకు పోశారు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ప్రతి గురువారం అలాగే గడిచింది. కారు పోయాక ఆవిడకు కష్టం కాలేదని చెప్పను. మొదటిసారి బస్సెక్కినప్పుడు నేనూ వెంట వెళ్ళాను, డ్రైవరు మలుపులు తిప్పే తీరు మీద దారంతా గొణిగారు. చలికాలంలో వానలో బస్టాపులో నిలబడాల్సి వచ్చిన రోజుల్లో నా మీద కోపం వచ్చేదని కూడా దాచకుండా చెప్పారు. మిగిలిన కోపం అది. పచ్చడి సీసాలతో పాటు అది కూడా నాకే ఇచ్చారు, ఇంకెవరికీ ఇవ్వలేదు.

నా కారులో ఎడమవైపు బ్రేకు లేదు. అయినా ఆవిడ కుడికాలు ఊరుకునేది కాదు. రౌండబౌట్ వచ్చినా, ముందు కారు ఎర్రలైటు వెలిగినా, ఆ తెల్ల బూటు కాళ్ళ కింద పరిచిన రబ్బరు చాపను గట్టిగా నొక్కేది. నొక్కాక తనే గమనించుకుని, పక్కకు చూడకుండా, "సారీ బిడ్డా" అనేవారు. నేను నవ్వి, మీరు చెప్పకముందే చూశాను లెండి అనేదాన్ని.

మంగళవారం చర్చికి కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. పార్కింగులోకి తిప్పగానే కాలు బ్రేకు మీద ఆగిపోయింది. నలభై యాభై కార్లుంటాయేమో, ప్రతిదీ వెనక్కి పెట్టి ఉంది. అన్నీ రోడ్డు వైపు మొహం పెట్టి వరుసగా నిలబడ్డాయి. బయటికి పోయేటప్పుడు మనుషులను చూసుకుంటూ పోవాలని ఆవిడ అందరికీ అలాగే నేర్పారు. ఎవరికి ఎవరూ చెప్పుకోకుండానే అందరూ అదే చేశారు. నేనూ వెనక్కి తిప్పి పెట్టాను. లోపల ఆవిడ కొడుకు మాట్లాడుతూ, అమ్మకు తను చెప్పాల్సిన మాట ఇంకొకరు చెప్పాల్సి వచ్చిందని అందరి ముందూ ఒప్పుకున్నాడు. నన్ను పేరు పెట్టి అనలేదు. తర్వాత హాలులో ఎవరి ఇంటి నుంచి వాళ్ళు తెచ్చిన పులిహోర, కేకులు, సాండ్‌విచ్‌ల మధ్య నిలబడి, ఆవిడతో ఎన్ని పరీక్షలు తప్పామో చెప్పుకుని నవ్వుకున్నాం.

పోయిన వారం కారును ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్ళాను. మెకానిక్ పెద్దమనిషి, అంతా చూసి పాస్ అని కాగితం ఇచ్చాడు. ఇచ్చి, ఎడమ సీటు ముందున్న చాప అరిగిపోయి చిల్లు పడిందని, డ్రైవరు వైపు అరగడం చూశాను గాని ఈ వైపు అరగడం ఎప్పుడూ చూడలేదని, తన దగ్గర అదే సైజు కొత్తది ఉంది, వెయ్యమంటావా అని అడిగాడు.

"వద్దు" అన్నాను.

అతను కారణం కోసం చూశాడు. పాత నేనైతే పది చెప్పేదాన్ని. ఏమీ చెప్పలేదు. ఆగాను. అతను తల ఊపి తాళాలు ఇచ్చేశాడు.

ఇంటికి వస్తుంటే మొదటి రౌండబౌట్ దగ్గర మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా ఎడమ సీటు ముందున్న చాప మీద పడింది. బూటు మడమ ఆనినచోట చాప నలిగి ఉంది. ముందు పాదం నొక్కినచోట, బ్రేకు ఉండాల్సిన చోట, అరచేతంత మేర నల్ల రబ్బరు అరిగి కింద నేల కనిపిస్తోంది. కుడివైపు ఎవరూ లేరు. ఎడమవైపు పాల ట్యాంకరు ఆగి ఉంది. "కుడివైపు ఖాళీ" అని పైకి అన్నాను, ఖాళీ సీటు వినేటట్టు. "ట్యాంకరు ఆగింది. నేను వెళ్తున్నాను."